ఒకే చోట మచ్చ

సోమవారం పొద్దున అద్దం ముందు నిలబడగానే బాకా చెయ్యి మూతి మీదికి వెళ్ళింది. కింది పెదవి మీద, మధ్యకి కాస్త ఎడమగా, మళ్ళీ వచ్చింది. నిన్న పడుకోబోయే ముందు చిన్న మంటగా అనిపిస్తే పెదవి ఎండిందిలే అని సరిపెట్టుకున్నాడు. తెల్లారేసరికి చొక్కా గుండీ అంత మచ్చ తయారైంది. వంకాయ రంగు, కంపాసుతో గీసినంత గుండ్రం, నడుమ చిన్న నీటిపొక్కు.

వదినని పిలుద్దామా వద్దా అని తటపటాయిస్తున్నాడు. పిలవాల్సిన అవసరం లేకపోయింది. ఆవిడ అప్పటికే వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడి అతని మూతి వైపే చూస్తోంది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"అక్కడే?"

"అక్కడే వదినా. వెంట్రుకవాసి కూడా జరగలేదు."

ఆవిడ లోపలికెళ్ళి, గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టింది. అది ఆరో సున్నా.

పురపాలక బ్యాండులో ట్రంపెట్ ఊదుతాడు కనక వీధి వీధంతా అతన్ని బాకా అనే పిలుస్తుంది. ముప్ఫై రెండేళ్ళ మనిషి. ఆదివారం సాయంత్రాలు పార్కులోని గుండ్రటి వేదిక మీద ఇరవై నలుగురు కూర్చుని వాయిస్తారు. ఏదైనా వంతెన తెరిచినా, పదవీ విరమణ సభ జరిగినా వీళ్ళే వెళ్ళాలి. ఎనిమిది నెలల క్రితం బ్యాండు మాస్టారు అతన్ని పిలిచి, ప్రతి నెలా మొదటి ఆదివారం సోలో నువ్వే వాయించాలన్నాడు. బ్యాండు మొత్తం ఆగిపోయి, అతనొక్కడే లేచి ముందుకొచ్చి నాలుగు నిమిషాలు ఊదాలి. పదిహేనేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. కళ్ళు చెమర్చాయి. మొదటి రెండు నెలలూ బాగానే గడిచాయి. మూడో నెల సోలో అయిన మర్నాడు ఈ మచ్చ మొదలైంది.

ట్రంపెట్ ఊదేవాడికి పెదవే కదా పెట్టుబడి. మచ్చ వస్తే పది రోజులు పెదవి ఆనించడానికి లేదు. పొక్కు చితికి, పొలుసు కట్టి, రాలి, చివరికి బూడిదరంగు గుర్తు ఒకటి మిగులుతుంది. ఆ గుర్తు పోయేలోగా మళ్ళీ సోలో, మర్నాడు మళ్ళీ మచ్చ.

వీధి చివరి డాక్టరు టార్చి వేసి చూసి, "ఇది వైరస్ పొక్కయ్యా. ఒకసారి పట్టుకుందంటే ఒంట్లోనే కాపురం పెడుతుంది. అప్పుడప్పుడూ పైకొస్తూనే ఉంటుంది" అని ట్యూబు మందూ, మాత్రలూ రాశాడు. ఆ మాట ఎలా పొక్కిందో పొక్కింది. మర్నాటి నుంచి బ్యాండు గదిలో అతని గ్లాసు వేరైంది. క్లారినెట్ వాయించే పొడుగాయన, "ఎవర్ని ముద్దు పెట్టుకున్నావురా, పేరన్నా చెప్పు, మేం ఆ వీధి వైపు పోకుండా ఉంటాం" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. బాకా కూడా నవ్వాడు గానీ ఇంటికొచ్చి ఆ పూట అన్నం ముట్టలేదు.

మందులు వాడినా మచ్చ రావడం మానలేదు. అప్పుడు మాస్టారే ఓ ఆలోచన చెప్పాడు. పెదవికి ఆనే ఇత్తడి ముక్క పడటం లేదేమో, ప్లాస్టిక్‌ది మార్చి చూడమన్నాడు. మార్చాడు. వచ్చింది. ఇత్తడికి రాసే పాలిష్ మీద అనుమానంతో వదిన రంగంలోకి దిగింది. ట్రంపెట్‌ని ముక్కలుముక్కలుగా విప్పించి, వేణ్ణీళ్ళలో సబ్బుతో కడిగించి, పాలిష్ డబ్బాని చెత్తబుట్టలో పారేసింది. అయినా వచ్చింది. ఆ తర్వాత కాఫీ మీద కన్నేసి నెల రోజులు కాఫీ బంద్ చేసింది. బాకా తలపట్టుకుని తిరిగాడే తప్ప మచ్చ మాత్రం టంచనుగా వచ్చేసింది. అదే ఈ ఆరోసారి.

"నీ డిటెక్టివ్ పనిలో నా కాఫీ కూడా పోయింది. వాడితో పాటు నాకూ మాన్పించావ్" అని అన్న గొణిగాడు. అన్న సిటీ బస్సు నడుపుతాడు. పొద్దున షిఫ్టుకి కాఫీ లేకుండా వెళ్ళడమంటే ఆయనకి ప్రాణసంకటం.

"కాఫీ కాదని తేలింది కదా, ఇవాళ్టి నుంచి తాగండి. ఒకటి కాదని తెలిస్తే అదీ లాభమే" అంది వదిన.

వదినకి ఆ ధోరణి వృత్తిలోంచి వచ్చింది. బట్టల మిల్లులో ఆవిడ పని తప్పులు పట్టడం. నేసిన గుడ్డ, ఏటవాలుగా నిలబెట్టిన గాజుబల్ల మీదుగా జారుతూ ఉంటుంది. వెనక నుంచి తెల్లటి వెలుతురు పడుతుంది. ఆవిడ ఎదురుగా నిలబడి కళ్ళార్పకుండా చూస్తుంది. తెగిన పోగు, ముడిపడ్డ పోగు, నూనె మరక, రంగులో ఇసుమంత తేడా, ఏది కనబడినా మిషను ఆపి అంచుకి ఎర్రదారం ముక్క కడుతుంది. పంతొమ్మిదేళ్ళుగా అదే బల్ల. మిల్లులో ఆవిడని భూతద్దం అంటారు. ఎదురుగా అనే ధైర్యం మాత్రం సూపర్‌వైజరుకి కూడా లేదు.

ఆవిడ ఈ ఇంటికొచ్చేనాటికి బాకాకి పదమూడేళ్ళు. తమ్ముణ్ణి బస్సు డిపోలో పెడదామని అన్న అనుకుంటుంటే, "వాడు పిడికిలి మూతికి పెట్టుకుని ఊదుతున్నప్పుడు మొహం చూశారా మీరు? వాణ్ణి ఊదనివ్వండి" అని పట్టుబట్టింది ఆవిడే. అప్పట్నుంచీ బాకాకి వదిన మాట మీద పై కోర్టు లేదు.

ఆ సోమవారం మధ్యాహ్నం మాస్టారు అతన్ని పక్కకి పిలిచాడు. "నాకు నీ మీద కోపం లేదు. కానీ నెలలో పది రోజులు వాయించలేని మనిషిని ముందు కుర్చీలో ఎన్నాళ్ళు కూర్చోబెట్టను? వచ్చే నెల ఒక్కటీ చూస్తాను. అప్పుడూ ఇలాగే అయితే సోలో రెండో ట్రంపెట్‌కి ఇచ్చేస్తా. నువ్వు కొన్నాళ్ళు తాళాలు వాయిద్దువుగాని."

తాళాలు! బాకాకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఏడ్వలేక నవ్వుతూ ఆ మాట చెప్పాడు. వదిన కంచం అందిస్తూ అతని ఎడమచెయ్యి దగ్గర ఆగిపోయింది.

"ఇదేంటి?"

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తటి చోట ఇంకో మచ్చ ఉంది. చిన్నది, అంతే గుండ్రం, అదే వంకాయ రంగు.

"యూనిఫాం ఇస్త్రీ చేసేటప్పుడు కాలినట్టుంది వదినా."

"కాలినట్టుందా, కాలిందా? కాలితే అప్పుడే తెలుస్తుంది కదా అబ్బాయ్. ఎప్పుడు చూశావ్?"

బాకా ఆలోచించాడు. "ఇవాళ పొద్దున. మూతి చూసుకున్నాక."

వదిన అతని చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది. వెలుతురుకి అటూ ఇటూ తిప్పింది. వేలి కొసతో అంచు వెంబడి రాసి చూసింది. ఆ కాసేపు ఆవిడ మొహం చూస్తే బాకాకి ఏదో పెద్ద పరీక్షలో కూర్చున్నట్టనిపించింది.

"దురదగా ఉందా?"

"లేదు. మంట."

"మూతి మీదదీ మంటేగా? సరే, ఈ చేతికెప్పుడైనా ట్రంపెట్ మూతి ముక్క తగులుతుందా?"

"తగలదు. ఎడంచేత్తో గొట్టం పట్టుకుంటాను, అంతే."

"అయితే ఆ ముక్క అమాయకురాలు" అంది వదిన, గట్టిగా ఊపిరి వదిలి. "ఇన్నాళ్ళూ దాన్ని ఆడిపోసుకున్నాం. విను. గుడ్డ మీద మరక ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ, ఇష్టమొచ్చినట్టు పడుతోందనుకో, తప్పు నూలుది. అదే కొలత పెట్టినట్టు ఒకే చోట పడుతోందనుకో, నూలు మంచిదే. పైనెక్కడో రోలరుకి గీత పడిందన్నమాట. అప్పుడు మేం గుడ్డని తిడుతూ కూర్చోం. మిషను ఆపి పైకెళ్ళి చూస్తాం."

"అంటే నా ఒంట్లో రోలరు పాడైందా?"

"నీ ఒంట్లోకి ఏదో వెళుతోంది. అది రక్తంలో ఒళ్ళంతా తిరుగుతోంది, రెండు చోట్ల మాత్రం లేస్తోంది. ఏం మింగుతున్నావ్ నువ్వు?"

"మీరు పెట్టిందే."

"మందులు?"

"ఒక్కటీ లేదు వదినా. డాక్టరిచ్చినవి కూడా మూడు నెలల క్రితమే ఆపేశాను. ఒట్టు."

అతను అబద్ధం చెప్పలేదు. ఆ విషయం వదినకి కూడా మొహం చూస్తేనే తెలిసిపోయింది. అందుకే ఆవిడ మరింత తికమకపడింది.

మచ్చలు రెండూ మానిన తర్వాత వదిన ఇంట్లోనే పరీక్ష పెట్టింది. సెలవు రోజు చూసుకుని, యూనిఫాం వేయించి, టోపీ పెట్టించి, అదే సోలో హాల్లో నిలబెట్టి వాయించమంది. ఒకసారి కాదు, మూడుసార్లు. పెదవి కందిపోయేదాకా. పక్కింటివాళ్ళు కిటికీలు వేసుకున్నారు. అన్న చెవుల్లో దూది పెట్టుకుని పేపరు చదువుకున్నాడు. మర్నాడు పొద్దున ముగ్గురూ కలిసి అతని మూతి చూశారు. ఏమీ లేదు. చెయ్యి చూశారు. ఏమీ లేదు.

"ఊదడం వల్ల కాదు. బట్టల వల్ల కాదు" అంది వదిన. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. "ఇంట్లో లేనిది, పార్కులో ఉన్నది. అదేంటో నేను చూడాలి."

"ఆదివారం నీకు షిఫ్టు కదా?" అన్నాడు అన్న.

"మార్చుకుంటాను."

పంతొమ్మిదేళ్ళలో ఆవిడ షిఫ్టు మార్చుకోవడం అది మూడోసారని తర్వాత అన్న చెబితే బాకాకి తెలిసింది.

మొదటి ఆదివారం వచ్చింది. వేదిక వెనక రేకుల షెడ్డులో బ్యాండువాళ్ళంతా టోపీలు సర్దుకుంటున్నారు, వాయిద్యాలు శ్రుతి చేసుకుంటున్నారు. వదిన ఓ మూల మడతకుర్చీలో, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని కూర్చుంది. పొడుగాయన మంచినీళ్ళివ్వబోతే తల అడ్డంగా ఊపింది. చూపు మాత్రం మరిది మీద నుంచి పక్కకి పోలేదు. అతను ఏ గ్లాసులో నీళ్ళు తాగాడు, ఏ గుడ్డతో మూతి తుడుచుకున్నాడు, ఎవరి చెయ్యి పట్టుకున్నాడు, అన్నీ చూస్తోంది. బాకాకి ఆ చూపు కింద తాను కూడా గాజుబల్ల మీద జారుతున్న గుడ్డలా అనిపించింది.

ఇంకో పది నిమిషాల్లో వేదిక ఎక్కాలి. అప్పటికే అతని అరచేతులకి చెమటలు పట్టాయి. నుదుటి మీద రెండు పక్కలా ఎవరో వేళ్ళతో నొక్కుతున్నట్టు మొదలైంది. అలవాటుగా చెయ్యి యూనిఫాం పై జేబులోకి వెళ్ళింది. అలవాటుగా నోటి దగ్గరికి వచ్చింది.

"ఆగు!"

షెడ్డంతా ఉలిక్కిపడింది. వదిన నాలుగు అంగల్లో అతని ముందుకొచ్చింది.

"ఉమ్ము."

"వదినా, అందరూ చూస్తున్నా..."

"ఉమ్మమన్నానా!"

ముప్ఫై రెండేళ్ళ ట్రంపెట్ విద్వాంసుడు ఇరవై ముగ్గురి ముందు అరచేతిలో ఉమ్మాడు. తెల్లటి బిళ్ళ ఒకటి, అప్పుడే అంచులు కరగడం మొదలెట్టింది.

"మందులేం వాడటం లేదన్నావ్?"

"ఇది మందేంటి వదినా? తలనొప్పి మాత్ర!"

వదిన కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ మాత్రం కుర్చీలో కూలబడి, చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"తప్పు నాదేలే. అడగడం నాకు రాలేదు. మందులేమైనా అన్నానే గానీ, మందు అని నువ్వు అనుకోనివి ఏం మింగుతున్నావని అడగలేదు. ఎప్పట్నుంచి వేస్తున్నావ్?"

బాకా అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "సోలో ఇచ్చినప్పట్నుంచి. లేచి ముందుకెళ్ళాలనుకుంటేనే తల పగిలిపోతుంది వదినా. మాత్ర వేసుకుంటే తగ్గుతుంది. భయమని చెబితే సోలో తీసేస్తారని..."

"సోలో ఉన్నప్పుడే వేస్తావా? మామూలు రోజుల్లో?"

"వెయ్యను. అప్పుడు తలనొప్పే రాదు."

వదిన చేతిసంచీలోంచి చిన్న కాగితం తీసి ఏదో రాసుకుంది. మాత్ర అట్టని అడిగి తీసుకుని జాగ్రత్తగా సంచీలో పెట్టుకుంది. "ఇవాళ ఇది లేకుండా వాయించు."

"వాయించలేను."

"తప్పులొస్తే రానీ. తప్పులు పట్టడం నా పని, నువ్వు పట్టించుకోకు."

అతను వాయించాడు. ఆ సోలో ఎంత ఘోరంగా వచ్చిందో బ్యాండులో ఇప్పటికీ చెప్పుకుంటారు. తల పోటుకి కళ్ళు బైర్లు కమ్మాయి. పై స్థాయిలో రెండుసార్లు స్వరం చిట్లింది, ఒకచోట ఊపిరి చాలక మధ్యలోనే ఆగింది. జనం మర్యాదకి చప్పట్లు కొట్టారు. మాస్టారు మొహం తిప్పుకున్నాడు. ఆ రాత్రే కబురొచ్చింది, వచ్చే నెల నుంచి సోలో రెండో ట్రంపెట్‌దని.

కానీ ఆ సోమవారం పొద్దున పెదవి శుభ్రంగా ఉంది. చెయ్యి శుభ్రంగా ఉంది. బాకా అద్దం ముందు అలాగే నిలబడిపోయాడు. సోలో పోయినందుకు ఏడవాలో, మచ్చ రానందుకు ఎగిరి గంతెయ్యాలో తెలియలేదు. వదిన మాత్రం క్యాలెండర్లో ఆ తేదీని ఖాళీగా వదిలేసి, "పద, పెద్దాసుపత్రికి" అంది.

పెద్దాసుపత్రిలో చర్మరోగాల విభాగం మూడో అంతస్తులో ఉంది. డాక్టరమ్మ అరవైకి దగ్గర్లో ఉంటుంది, గొంతు గరుగ్గా ఉంటుంది, నిలబడే రోగుల్ని చూస్తుంది. చుట్టూ నలుగురు కుర్ర డాక్టర్లు నోటు పుస్తకాలతో ఉన్నారు. బాకా తన కథ మొదలుపెట్టబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపి, వదిన చేతిలోని కాగితం వైపు చూపించింది.

"అదేంటమ్మా?"

వదిన కాగితం అందించింది. ఆరు తేదీలు, ప్రతి తేదీకి ముందురోజు సోలో. ఎన్ని గంటలకి మాత్ర వేశాడు, ఎన్ని గంటలకి మంట మొదలైంది. ఇత్తడి మార్చినప్పుడు, పాలిష్ పారేసినప్పుడు, కాఫీ మానేసినప్పుడు ఏమైంది. ఇంట్లో మూడుసార్లు ఊదితే ఏమైంది. మాత్ర వెయ్యని ఒక్క ఆదివారం ఏమైంది. కింద మాత్ర అట్ట గుండుసూదితో గుచ్చి ఉంది.

డాక్టరమ్మ రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి వదినని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏం చేస్తారమ్మా మీరు?"

"మిల్లులో గుడ్డ చూస్తానండీ."

"ఇటు రండి మీరంతా" అంది డాక్టరమ్మ కుర్ర డాక్టర్లతో. "పొద్దుట్నుంచి నలభైమందిని చూశాం. ఒక్కరి చరిత్రైనా ఇంత శుభ్రంగా రాశారా మీరు? అమ్మా, మీరే చెప్పండి, మొదట్నుంచీ."

వదిన ముందు బిగుసుకుపోయింది. తర్వాత నూలు, రోలరు, గీత పడటం అన్నీ చెప్పుకుంటూ వచ్చింది. కుర్ర డాక్టర్లు రాసుకున్నారు. మరిదిని ఉమ్మమన్న చోటికొచ్చేసరికి అందరూ నవ్వారు. ఈసారి నవ్వులో బాకాకి ఏమాత్రం నొప్పి తగల్లేదు. గర్వంతో అతని ఛాతీ యూనిఫాం గుండీలు తెగేటంత పొంగింది, ఆ రోజు యూనిఫాంలో లేడు కాబట్టి సరిపోయింది.

డాక్టరమ్మ అతని పెదవి మీది బూడిద గుర్తుని వెలుతురులో చూస్తూ చెప్పింది. "వైరస్ పొక్కయితే చిన్న చిన్న పొక్కులు గుత్తిగా వస్తాయి, ఇంత పెద్ద గుండ్రటి మచ్చ మిగల్చదు. కొందరికి మందు పడకపోతే వీపూ పొట్టా అంతా ఎర్రగా పేలుతుంది. నీది జ్ఞాపకం పెట్టుకునే రకం. ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి. మొదట్లో ఈ మాత్రని అవి పట్టించుకోలేదు. ఒకసారి శత్రువనుకున్నాక గొడవ పడ్డాయి. గొడవ సద్దుమణిగినా కొన్ని ఆ చోటే మకాం వేశాయి. మళ్ళీ ఆ మందు రక్తంలో కనబడిందా, అక్కడికక్కడే లేస్తాయి."

"ఇంతకీ అదేనని గ్యారంటీ ఏంటండీ?" అంది వదిన. "ఒక్క ఆదివారం రాకపోతే చాలా?"

డాక్టరమ్మ మొహం విచ్చుకుంది. "చాలదు. మీరు అడుగుతారనే అనుకున్నాను."

ఆ మాత్ర పొడిని వాసలిన్‌లో కలిపి, చేతి మీది పాత గుర్తు మీద కొంచెం, వీపు మీద ఏ గుర్తూ లేని చోట కొంచెం రాసి పట్టీలు వేశారు. మర్నాడు పట్టీలు విప్పితే వీపు మీద చర్మం మామూలుగానే ఉంది. చేతి మీద పాత గుర్తు మాత్రం ఎర్రగా ఉబ్బి, అంచులు గీసినట్టు లేచింది. వదిన వంగి, ఆ రెండు చోట్లనీ మార్చి మార్చి చూసింది. ఆవిడ గడ్డం కొద్దిగా వణకడం బాకా చూశాడు. ఇన్ని నెలలూ ఆవిడ కూడా భయపడుతూనే ఉందని అప్పటిదాకా అతనికి తట్టలేదు.

"ఇక జన్మలో ఈ మాత్ర ముట్టుకోవద్దు" అంది డాక్టరమ్మ. "దీని చుట్టాలైన మాత్రలు కూడా మూడు రాసిస్తాను, అవీ వద్దు. ఇవాళ రెండు మచ్చలు, రేపు ఇరవై కావచ్చు. ఎప్పుడైనా కళ్ళూ నోరూ పుండు పడి, ఒంటి చర్మం ముట్టుకుంటే నొప్పి పుట్టిందా, ఆ క్షణమే పరిగెత్తుకు రావాలి. ఈ చీటీ జేబులో పెట్టుకో. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ముందు ఇది చూపించు." తర్వాత వదిన వైపు తిరిగింది. "తలనొప్పి సంగతి మాత్రం నా చేతిలో లేదమ్మా. అది భయం. అది మీ ఇంట్లో చూసుకోవాలి."

భయం సంగతి ఇంట్లో తేలలేదు, బ్యాండు గదిలో తేలింది. బాకా ఆసుపత్రి చీటీ పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. అంటువ్యాధి కాదని తెలిసి పొడుగాయన ఆ పూటే అతని గ్లాసు తెచ్చి అందరి గ్లాసుల మధ్యలో పెట్టాడు. క్షమించమని మాత్రం అడగలేదు, ఆ గ్లాసులోనే తాను నీళ్ళు తాగాడు. మాస్టారు చీటీ చదివి, భయం మాట విని, చీటీ మడిచి తిరిగి ఇచ్చాడు.

"లేచి ముందుకొస్తేనే భయమా, కూర్చునే వాయిస్తే కూడానా?"

బాకా దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. "కూర్చుంటే... అంత ఉండదేమోనండీ."

"మరి ముందే చెప్పొద్దూ! లేచి రావాలని ఎక్కడ రాసి ఉంది?"

సోలో వెంటనే తిరిగి రాలేదు. రెండో ట్రంపెట్ ఆయన కూడా బాగా వాయిస్తున్నాడు, న్యాయం న్యాయమే. నాలుగు నెలలు బాకా రెండో కుర్చీలో కూర్చున్నాడు. మచ్చ లేదు కాబట్టి రోజూ సాధన సాగింది. ఎవరూ పైకి చెప్పకపోయినా అతని శబ్దం గుండ్రబడిందని అందరికీ వినబడింది. ఐదో నెల మాస్టారు సోలోని రెండుగా చీల్చి, మొదటి సగం అతనికిచ్చాడు. కూర్చునే వాయించాడు. తల పోటెత్తింది గానీ పగల్లేదు. ఆ రోజు మూడో వరసలో వదిన, అన్న పక్కపక్కనే కూర్చున్నారు. అయిపోయాక అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది అన్నే.

ఇంట్లో మాత్రం బాకాకి వేరే పని దొరికింది. ఇంటికి ఎవరొచ్చినా వదిన కథ చెప్పడమే. పాలిష్ డబ్బా దగ్గర మొదలెడితే వీపు మీది పట్టీ దాకా ఆపడు. "వీడికి ట్రంపెట్ ఎందుకండీ, పొద్దస్తమానం వాళ్ళ వదినకి బాకా ఊదుతూనే ఉంటాడు" అని అన్న నవ్వేవాడు. వదిన విసుక్కునేది. "నెల రోజులు కాఫీ మాన్పించింది కూడా చెప్పు. తప్పులు మానేసి ఒప్పులే చెబుతావేం?"

ఆరు నెలలకి డాక్టరమ్మ ఒకసారి చూపించుకోమంటే ఇద్దరూ వెళ్ళారు. మూడో అంతస్తు వరండాలో బెంచీల నిండా జనం. ఒకరి మెడ మీద ఎర్రటి దద్దుర్లు, ఒకరి మోచేతులకి పొలుసులు, ఓ పాప బుగ్గలు రెండూ చెంపదెబ్బ తగిలినట్టు ఎర్రగా ఉన్నాయి. పక్కన కూర్చున్న నడివయసు ఆవిడ, మణికట్టు మీద రుమాలు కప్పుకుని, తనలో తాను అనుకున్నట్టు అంది. "ఇది నాలుగోసారి. ఎన్ని పూసినా మళ్ళీ ఇక్కడే."

వదిన మెల్లగా అటు తిరిగింది. "ఇక్కడేనా? వేరే ఎక్కడా రాదా?"

"ఇక్కడే. వెంట్రుకవాసి జరగదు."

"నేను డాక్టర్ని కాదమ్మా. మీదేంటో ఆవిడే చెప్పాలి. కానీ లోపలికెళ్ళే ముందు ఓ కాగితం మీద రాసుకోండి. ఏ రోజు వచ్చింది, దాని ముందురోజు ఏమేం మింగారు. మందులే కాదు. మందు అని మీరు అనుకోనివి కూడా. నిద్రకి, కడుపునొప్పికి, పంటినొప్పికి, పక్కింటివాళ్ళు ఇచ్చినవి..."

ఆవిడ రుమాలు తీసింది. వదిన చేతిసంచీలో పెన్సిలు కోసం వెతకసాగింది. ఇంతలో తలుపు దగ్గర నర్సు బాకా నంబరు పిలిచింది.

"వదినా, మన వంతు."

"నువ్వు పద, నేను వస్తున్నా" అంది వదిన తలెత్తకుండానే, కాగితం మోకాలి మీద పరుచుకుంటూ. "ఆఁ, చెప్పండి. మొదటిసారి ఎప్పుడొచ్చింది?"

బాకా ఒక క్షణం నిలబడి చూశాడు. తర్వాత జేబులోని చీటీ తీసుకుని ఒక్కడే లోపలికి వెళ్ళాడు.